తీగలోపలి కాపురాలు

మా నాన్నగారు పోయిన మూడో ఏట వూళ్ళో ఇల్లు అమ్మేశాం. అన్నయ్య హైదరాబాదులో, నేను రాజమండ్రిలో. పండక్కి కూడా తాళం తీసే దిక్కు లేనప్పుడు ఇల్లు వుంచుకుని ఏం చేస్తామని ఇద్దరం ఒక మాటమీదికి వచ్చాం. రిజిస్ట్రేషను అయిన మర్నాడు సామాన్లు పంచుకున్నాం. అన్నయ్య పడక్కుర్చీ తీసుకున్నాడు. నేను పుస్తకాల బీరువా తీసుకున్నాను. అంతా అయ్యాక పెరట్లోకి వెళ్ళి, వేపచెట్టుకు అల్లుకున్న తిప్పతీగనుంచి మూరెడు ముక్క కోసి తువ్వాల్లో చుట్టుకున్నాను. ఇల్లు కొన్నాయన ఆ చెట్టు కొట్టించి అక్కడ కారుషెడ్డు వేయిస్తాడట. చెట్టూ ఆయనదే, షెడ్డూ ఆయనదే. కాదనడానికి నేనెవణ్ణి?

ఆ తీగ మా ఇంటికి ధర్మాసుపత్రిలాంటిది. ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, నాన్నగారు కత్తిపీట పట్టుకుని పెరట్లోకి నడిచేవారు. ఆ కషాయం చేదు నాలుకమీద ఒక పూటంతా వుండేది. గుణం ఇచ్చేదో లేదో ఇప్పుడు చెప్పలేను గాని, రెండో మోతాదు తాగవలసి వస్తుందనే భయంతో జ్వరం తగ్గిందని అబద్ధమాడిన రోజులు మటుకు జ్ఞాపకమే.

రాజమండ్రి వచ్చాక ఆ ముక్కను వంటింటి వెనక మేకుకు తగిలించి, పరీక్ష పేపర్లు దిద్దే హడావిడిలో మరిచిపోయాను. పదిరోజుల తరవాత మా ఆవిడ పిలిచింది.

“ఏమండీ, మీ నాన్నగారి తీగ చిగురేసింది!”

మట్టి లేదు, నీళ్ళు లేవు. గాలిలో వేలాడుతూనే రెండు ఆకులు వేసింది. సంస్కృతంలో దీన్ని ‘ఛిన్నరుహ’ అంటారు. నరికినా మొలిచేది అని అర్థం. ‘అమృత’ అని మరో పేరు. ఈ మాటలకు వ్యుత్పత్తులు ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పినవాణ్ణే గాని, మేకుమీద చూడడం అదే మొదలు. గోడ పక్కన పాతిపెడితే రెండేళ్ళలో డాబా ఎక్కింది.

దానిమీద నాకు కొంచెం గర్వం కూడా ఎక్కింది. ఒకరోజు స్టాఫ్ రూములో టీ తాగుతూ, “ఇల్లు పోతే పోయింది గాని, మా నాన్నగారి తీగ మటుకు చెక్కుచెదరకుండా తెచ్చుకున్నానండీ. విత్తనం వేసి పెంచింది కాదు, ముక్కనుంచి వచ్చింది. అంచేత అక్షరాలా అదే తీగ” అన్నాను.

మా వృక్షశాస్త్రం మాస్టారు కప్పు కింద పెట్టారు. ఆయన అలా కప్పు కింద పెట్టారంటే ఎవరి మాటకో చిల్లు పడబోతోందన్నమాటే.

“తీగ అదే మాస్టారూ. కాపురస్తులే మారి వుంటారు” అన్నారు.

ఏ పురుగుల సంగతో అనుకున్నాను. కాదు. ఆయన చెప్పింది బూజుల సంగతి. పైకి కనిపించే బూజు కాదు సుమండీ! పచ్చగా, నిగనిగలాడుతూ, ఏ తెగులూ లేని ఆకులోపల కాపురముండే బూజులు. ఆకులో కణానికీ కణానికీ మధ్య సందుల్లో, తలవెంట్రుకకంటె ఎన్నో రెట్లు సన్నని దారాలుగా అవి వుంటాయట. వీటిని ‘ఎండోఫైటు’లంటారు. తెలుగులో ఏమనాలని నన్నడిగారు. అంతేవాసి అనే మాట మనకు వుండనే వుంది గాని, దానికి గురువుగారి దగ్గర వుండి చదువుకునే శిష్యుడని అర్థం స్థిరపడింది. అంచేత ‘అంతర్వాసులు’ అన్నాను. ఆయన తలవూపి, ఇవాళ్టికి ఇద్దరికీ సరిపడా పని దొరికిందన్నారు.

సంగతి ఏమిటంటే, ఇంతవరకూ వెతికి చూసిన అడవి మొక్కల్లో అంతర్వాసులు లేని మొక్క దొరకడం అరుదు. పనామాలోని ఒక దీవిలో, రెండే రెండు జాతుల చెట్లనుంచి 83 ఆరోగ్యమైన ఆకులు కోసి పరీక్షిస్తే, రూపుతేడాలను బట్టి 418 రకాల బూజులు లెక్కతేలాయి. అది 2000లో ప్రచురించిన లెక్క. లోకంలో శిలీంధ్ర జాతులు 22 లక్షలనుంచి 38 లక్షలదాకా వుండవచ్చునని 2017లో ఒక అంచనా వేశారు. పేర్లు పెట్టినవి లక్షన్నర మాత్రమే. మిగతావి ఎక్కడ దాక్కున్నాయంటే, చాలామటుకు ఇలా ఆకుల్లోనూ కాండాల్లోనూ అని వీరి అనుమానం.

ఇక తీగలు. మన కవులు తీగను నాజూకైన ఇల్లాలిగా చేసి చెట్టుకు చుట్టబెట్టి వదిలేశారు. అడవిలో తీగ అలాంటిది కాదు. మానుదేరి, మనిషి తొడంత లావెక్కి, చెట్టునుంచి చెట్టుకు ప్రాకి, పందిరినంతా ఆక్రమిస్తుంది. రంపచోడవరం దాటి అడ్డతీగలకు వెళ్ళినవారికి నేను చెప్పనక్కరలేదు. వూరి పేరే తీగ పేరు. ఉష్ణదేశపు అడవుల్లో మాను కట్టే కాండాల్లో పావువంతు వరకూ తీగలే వుంటాయట. తీగ తన బరువు తాను మోసుకోదు కనుక కలపమీద ఖర్చు తగ్గించి, ఆ మిగులు ఆకులమీద పెడుతుంది. పొడుగాటి కాండం, బోలెడన్ని ఆకులు, నేలనుంచి చిటారుకొమ్మదాకా రకరకాల ఎండా నీడా. అద్దెకివ్వడానికి ఇంతకంటె ఎన్ని గదులు కావాలి?

మనం భోంచేసే అడ్డాకు విస్తరి సంగతే తీసుకోండి. పెరట్లో పారేసిన ఆకును నేలమీది బూజులు వచ్చి తింటాయని అనుకుంటాం. కాని బ్రతికివున్నప్పుడు ఆకులో నెమ్మదిగా కూర్చున్న వాటిలో కొన్ని, ఆకు చచ్చిన మరుక్షణం పనిలోకి దిగుతాయి. బయటివాళ్ళు వచ్చేలోగానే లోపలివాళ్ళు వడ్డన మొదలుపెట్టేస్తారన్నమాట. మా చిన్నప్పటి పెళ్ళిపందిళ్ళలో బంతి దగ్గర ముందే కూర్చునేవాళ్ళు జ్ఞాపకం వచ్చారు.

“ఇదంతా సరేనండీ. మా తిప్పతీగ మాటేమిటి?” అన్నాను.

అదృష్టం కొద్దీ దానిమీదే కాశీ విశ్వవిద్యాలయం వారు పనిచేశారు. 2012లో ప్రచురించారు. గాలి కాలుష్యం హెచ్చుతగ్గులుగా వున్న మూడు చోట్లనుంచి, వేసవి, వానాకాలం, చలికాలం మూడు ఋతువుల్లోనూ తిప్పతీగ ఆకులు, తొడిమలు, కాండం, వేళ్ళు సేకరించారు. మొత్తం 1,151 సార్లు బూజు బయటపడింది. అవి 29 రకాలుగా తేలాయి. ఎక్కువ పెన్సిలియం జాతివి, అంటే నిమ్మకాయమీద పచ్చగా పట్టే బూజుకు దాయాదులు. వాటి తరవాతిది కొల్లెటోట్రైకం. ఆ పేరు తెలియకపోయినా గుంటూరు మిరప రైతుకు దాని పని బాగా తెలుసు. కాయకుళ్ళు తెచ్చేది ఆ జాతే. ఆకుమచ్చ తెగుళ్ళకు పేరుమోసిన కర్వులేరియా, ఆల్టర్నేరియా కూడా వున్నాయి. వీళ్ళంతా తిప్పతీగలో ఏ అల్లరీ చెయ్యకుండా కూర్చున్నారు!

అన్నిటికంటె ఎక్కువమంది ఆకుల్లో వున్నారు, తరవాత కాండంలో, ఆ తరవాత తొడిమల్లో. అందరికంటె తక్కువ వేళ్ళల్లో. నేల నిండా బూజులే కదా, వేళ్ళల్లో ఎక్కువుండాలని నేననుకున్నాను. నా అంచనా తలకిందులైంది. కాలం సంగతికి వస్తే వానాకాలంలో నిండుగా వుంటారు, వేసవిలో పలచబడతారు. ఉరుము వినగానే నేలనుంచి శిలీంధ్రాలు పైకి వస్తాయని కాళిదాసు మేఘసందేశంలో అన్నాడు. ఆయన చూసినవి పుట్టగొడుగులు. ఆకులోపల కూడా అదే కాలంలో జనాభా పెరుగుతోందని కాశీవారు లెక్క చూపించారు.

నాకు అక్కరకు వచ్చినదల్లా ఆ వ్యాసంలో మరో మాట. తీగ ఏ చోట పెరిగిందనేదానికంటె, ఏ కాలంలో కోశారు, ఏ భాగం కోశారు అనేదే లోపలి జనాభాను ఎక్కువ నిర్ణయిస్తుందట. నాన్నగారి తీగ వూరు మారినంతమాత్రాన బొత్తిగా పరాయిది అయిపోలేదని నేను దాన్ని తాటికాయంత అక్షరాల్లో చదువుకున్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. చోటు మారితే తేడా తక్కువన్నారు గాని తేడా లేదనలేదు కదా అన్నారు. శాస్త్రజ్ఞులతో వచ్చిన చిక్కే ఇది. వాక్యంలో మనకు కావలసిన ముక్క విరుచుకోనివ్వరు.

అసలు ఈ అద్దెవాళ్ళు ఎలా వస్తారు? చాలామంది గాలిలోనుంచి వస్తారు. అప్పుడే విచ్చిన లేత ఆకు ఇంచుమించు ఖాళీ ఇల్లు. గాలికి కొట్టుకొచ్చిన సిద్ధబీజం దానిమీద వాలుతుంది, వానతడికో మంచుతడికో మొలకెత్తి లోపలికి దూరుతుంది. పనామాలో కోకో మొక్కల్ని వానపడకుండా పెంచి, అంతర్వాసులు లేని ఆకులు సంపాదించారు. తరవాత కొన్ని ఆకుల్లోకి అంతర్వాసుల్ని ప్రవేశపెట్టి, కొన్నిటిని ఖాళీగా వుంచి, అన్నిటికీ తెగులు అంటించారు. ఖాళీ ఆకులే ఎక్కువ చచ్చాయి. ఇది 2003 నాటి సంగతి. అద్దె కట్టడమంటే ఇదే గాబోలు. దొంగకూ కాపలాదారుకూ తేడా కూడా ఒక్కొక్కప్పుడు చాలా స్వల్పం. దోస, పుచ్చ జాతులకు తెగులు తెచ్చే ఒక కొల్లెటోట్రైకంలో ఒకే ఒక్క జన్యువు మారితే, అది మొక్కను చంపడం మానేసి, నిశ్శబ్దంగా లోపలే వుంటూ, అసలు తెగులునుంచి మొక్కను కాపాడిందని 1993లో చూపించారు.

పెరూ దేశపు అమెజాన్ అడవిలో పౌల్లీనియా అనే మానుతీగ వుంది. దాని లోపలనుంచి తీసిన బూజుకు 2002లో ‘మస్కొడార్ విటిజీనస్’ అని పేరు పెట్టారు. తీగకు పుట్టినది అని ఆ లాటిను మాటకు అర్థం. పేరుపెట్టినవారిలో ఒక కవి వున్నాడన్నమాట. ఈ బూజు వదిలే ఆవిరి ఏమిటనుకున్నారు? నాఫ్తలీను! మనం చీరల పెట్టెలో వేసే కలరా వుండల సరుకు. పరీక్షిస్తే గోధుమ పైరును తినే ఒక ఈగ ఆ వాసనకు దూరంగా పారిపోయింది. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ, “అయితే ఆ తీగ పెట్టెలో పెట్టుకుంటే సరిపోతుందిగా” అంది. ఆవిడ మాటల్లో నూటికి తొంభై నాకు సమాధానం దొరకనివి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. మనకు సముద్రపాల అనే తీగ వుంది. వృద్ధదారుక అని వైద్యగ్రంథాల్లో పేరు. హృదయాకారపు పెద్ద ఆకు, కింది వైపు వెండిపూత, లేత ఊదారంగు పువ్వులు. తూటికూర, చిలగడదుంపల కుటుంబమే గాని ఇది మానుదేరుతుంది. దీనికి మెక్సికోలో ఒక చుట్టం వుంది. అక్కడి ఆజ్‌టెక్ జాతివారు దాని గింజల్ని ‘ఒలోలియుక్వి’ అని పిలిచి, దేవతలతో మాట్లాడడానికి నూరుకుని తాగేవారు. ఆ గింజలు స్విట్జర్లాండు రసాయనవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ చేతికి వచ్చాయి. ఆయన వాటిలో తేల్చిన పదార్థం చూసి ఆయనకే ఆశ్చర్యమేసింది. అది ఎర్గాట్ జాతి విషం. ఎర్గాట్ అంటే రై ధాన్యపు కంకికి పట్టే బూజు. మన సజ్జకంకికి వచ్చే తేనెబంక తెగులు దాని సోదరి. కాన్పు తరవాత రక్తస్రావం ఆపే మందు దాన్నుంచే వచ్చింది. ఎక్కడో బూజు చేసే సరుకు, పువ్వులు పూసే తీగలో ఎలా వుంటుంది? 1960లో ఆయన ఆస్ట్రేలియాలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు. ఆయన ప్రయోగశాలలో అలాంటి సరుకు ఎప్పుడూ వుంటుంది కనుక గింజలకు అది అంటుకుని వుంటుందన్నారు. మర్యాదగా చెప్పినా, శుభ్రత లేదన్నట్టే.

గింజల్లో సరుకు వున్నమాట నిజమేనని తరవాత ఇతరులూ చూశారు. తీగే స్వయంగా చేస్తోందని సమాధానపడ్డారు. ముడి విడడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది. జర్మనీలోని బాన్ నగరంలో, ఈ కుటుంబానికే చెందిన మరో మొక్కకు బూజును చంపే మందు పెట్టి చూశారు. మొక్క బ్రతికింది. విషం మాయమైంది! 2004లో ఈ సంగతి ప్రకటించారు. అంటే ఆజ్‌టెక్ పూజారులు తీగ అనుకుని పూజించింది, తీగలో వున్న బూజునన్నమాట. 2011లో దానికి ‘పెరిగ్లాండ్యులా’ అని పేరు పెట్టారు. మన సముద్రపాలలోనూ దాని జాతే కాపురముంది. 2025లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో కోరిన్ హేజెల్ అనే విద్యార్థిని, ఇంటి కంచెలకు పెంచుకునే నీలిపువ్వుల తీగ గింజపొట్టుమీద కొంచెం నూగు చూసి, అదేమిటా అని ఆగింది. అది ఈ జాతిలో మరొకటి. హాఫ్‌మన్ నాటినుంచీ అందరూ వెతుకుతున్నదే ఆ పిల్ల కంట పడింది. (ఏదైనా నూగు కనిపిస్తే తుడిచెయ్యకుండా చూడమని మా విద్యార్థులకు చెబుతున్నాను. వాళ్ళు హాస్టలు గోడలు చూపిస్తున్నారు.) అన్నట్టు, సముద్రపాల గింజలు ఎవరూ రుచి చూడవద్దు. కవిత్వం కాదు, వాంతులు వస్తాయి, మతి చెదురుతుంది.

ఈ పెరిగ్లాండ్యులా గాలికి వచ్చిన అద్దెవాడు కాదు. తల్లితీగ విత్తనంలోనుంచి పిల్లతీగకు వస్తుంది. తరతరాల కాపురం. అక్కడే నాకు కలుక్కుమంది. సముద్రపాలకు వంశపారంపర్యం వుంది. నా తిప్పతీగ ఆకులు ఏ వూరి గాలి తగిలితే ఆ వూరివాళ్ళను పెట్టుకుంటున్నాయి.

తీగలన్నీ ఇలా బూజుల చేతే మందులు చేయిస్తున్నాయని మీరు తొందరపడకండి. నేను పడ్డాను, చివాట్లు తిన్నాను. 1993లో అమెరికావారు, క్యాన్సరుకు వాడే టాక్సాల్ మందును అది దొరికే చెట్టులోని బూజు కూడా చేస్తోందని ప్రకటించారు. పత్రికలన్నీ మోగాయి. 2013లో మరికొందరు కూర్చుని పరీక్షిస్తే, బూజు సొంతంగా ఆ మందు చేస్తున్నట్టు దాఖలా దొరకలేదు. “సముద్రపాలలో బూజును తీసేసి చూశారు, సరుకు పోయింది. అలా చూపించినదే లెక్క. తక్కినదంతా ఆశ” అన్నారు మాస్టారు. తిప్పతీగ చేదు ఎవరిదని అడగబోయి ఊరుకున్నాను.

నా మొహం చూసి జాలేసింది కాబోలు, మర్నాడు ఆయనే నన్ను ప్రయోగశాలకు రమ్మన్నారు. మా తీగనుంచి ఒక ముదురాకూ, అడుగున వున్న పాత ముక్కనుంచి గోరంత కాండమూ పట్టుకెళ్ళాను. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్ళలో చక్కెరా, మిఠాయిల్లో వాడే చైనాగ్రాసూ వేసి కాచి, గాజుపళ్ళేల్లో పోసి గట్టిపరిచారు. ఆకును సారాయిలో ముంచి, బట్టల్ని తెల్లగా చేసే మందునీళ్ళలో ముంచి, మరిగించి చల్లార్చిన నీళ్ళతో కడిగారు. పైనున్న బూజంతా చచ్చిపోవాలి. ఇక బయటికి వచ్చేది లోపలిదే కావాలి. నమ్మకం చాలక, ఆఖరి కడుగునీళ్ళు కూడా ఒక పళ్ళెంలో పోసి వుంచారు. అందులో ఏమైనా మొలిస్తే కడగడం సరిగా కాలేదన్నమాట. తరవాత ఆకును సెంటీమీటరులో సగం ముక్కలుగా కోసి పళ్ళేల్లో పేర్చారు. ఇలా పళ్ళెంలో మొలవడానికి ఒప్పుకోనివారు కూడా చాలామంది వుంటారనీ, వాళ్ళ జాడ తెలియాలంటే డీఎన్ఏ చదవాలనీ, మా కాలేజీకి అంత వైభవం లేదనీ చెప్పారు.

ఆరోరోజున చూశాను. కడుగునీళ్ళ పళ్ళెం అద్దంలా వుంది. ఆకుముక్కల అంచులనుంచి తెల్లదూది ఒకటి, బూడిదరంగుది ఒకటి, ముదురాకుపచ్చది ఒకటి, గులాబిఛాయ ఒకటి పైకి వచ్చాయి. పేర్లడిగితే మాస్టారు చెప్పలేదు. సిద్ధబీజాలు వచ్చేదాకా నోరు మెదపరట. కాండం పళ్ళెంలో ఒక్క ముక్కనుంచి మాత్రమే, నల్లగా, తాపీగా ఒక చుక్క విస్తరిస్తోంది.

“ఇది ఆకుల్లో కనబడలేదు మాస్టారూ. ఆకులు రాజమండ్రి గాలికి వేసినవి. ఈ కాండం మీరు మీ వూళ్ళో కోసిన ముక్కే కదా? కాండంలో వున్నవాళ్ళు ముక్కతోపాటే వస్తారు” అన్నారాయన.

“అంటే ఇది మా పెరటిదేనంటారా?”

“అనను. కావచ్చునంటాను. మీ వేపచెట్టు తీగనుంచి ఇంకో ముక్క దొరికితే పోల్చి చూద్దాం.”

ఆ సాయంత్రమే ఇల్లు కొన్నాయనకు ఫోను చేశాను. చెట్టు కొట్టించారా అని అడగడానికి కాస్త మొహమాటపడ్డాను. డబ్బు సర్దుబాటు కాక షెడ్డు పని ఆగిపోయిందనీ, చెట్టు అలాగే వుందనీ, తీగ మటుకు పందిరిలా పెరిగి కరెంటు తీగమీద పడుతోందనీ, వచ్చి కావలసినంత కోసుకుపొమ్మనీ అన్నాడు. మాస్టారికి చెబితే, వానలు పడ్డాక వెళ్ళమన్నారు. రెండు కాగితపు సంచులిచ్చి, ఒకదానిమీద ‘ఆకు’, మరొకదానిమీద ‘కాండం’ అని రాసి, తేదీ నన్నే వేసుకోమన్నారు. సంచులు బీరువాలో నిఘంటువు పక్కన పెట్టాను. మా ఆవిడ వాటిని రెండుసార్లు చెత్తబుట్టలో వేయబోయింది.